కాఫీ విరామం ఖరీదు ఎంత?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు ప్రశ్న చిన్నదే. ఒక నగరంలో మూడు రోజులు సదస్సు జరిగితే, చివరికి ఆ నగరానికి మిగిలేది ఏమిటి? ఇరవై ఏళ్లుగా సదస్సులు నిర్వహిస్తున్న మేడమ్ మనతో ఉన్నారు. కొన్ని పాత లెక్కలు బయటపెడతానన్నారు, అందుకే పేరు చెప్పవద్దన్నారు. మొదలుపెడదామా మేడమ్?

అతిథి: పెడదాం. కానీ మిగిలేది ఏమిటని మేయర్‌ను అడిగితే ఒక జవాబు వస్తుంది, హోటల్ యజమానిని అడిగితే ఇంకొకటి, పన్ను కట్టేవాళ్లను అడిగితే మరొకటి. నన్ను అడిగితే నాలుగోది.

వ్యాఖ్యాత: ఆ నాలుగోది చివరికి ఉంచుదాం. అసలు దీనిలో వ్యాపారం ఉందని మొదట కనిపెట్టింది ఎవరు?

అతిథి: సభలు పెట్టుకోవడం మనుషులకు కొత్త కాదు. సభలను పిలిపించుకుంటే ఊరికి డబ్బు వస్తుందని, అందుకోసం జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకున్నది మాత్రం అమెరికాలోని డెట్రాయిట్ నగరం. 1896 ఫిబ్రవరిలో అక్కడి పత్రికలో ఒక విలేకరి రాశాడు. మనం పట్టించుకోకపోయినా ఇన్ని సభలు వస్తున్నాయే, వ్యాపారులంతా ఒక్కటై పిలిస్తే ఇంకెన్ని వస్తాయో అని. హోటళ్లవాళ్లూ వర్తకులూ కొద్ది రోజుల్లోనే సంఘం పెట్టారు. తిరిగి తిరిగి సభలను రాబట్టడానికి ఒకరిని ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఈ రోజు పెద్ద నగరాల్లో కనిపించే కన్వెన్షన్ బ్యూరోల పుట్టుక అదే.

వ్యాఖ్యాత: అంటే పెళ్లిళ్ల పేరయ్య ఉద్యోగం!

అతిథి: అచ్చంగా అదే. కాకపోతే ఇక్కడ ఒక్క పెళ్లికూతురి కోసం నగరాలన్నీ బారులు తీరతాయి. పెద్ద వైద్య మహాసభ కావాలంటే ఏళ్ల ముందే బిడ్ వేయాలి.

వ్యాఖ్యాత: ఇప్పుడు ఈ రంగం ఎంత పెద్దది?

అతిథి: ఈవెంట్స్ ఇండస్ట్రీ కౌన్సిల్ కోసం ఆక్స్‌ఫర్డ్ ఎకనామిక్స్ సంస్థ 2018లో ఒక లెక్క తీసింది. 2017లో 180కి పైగా దేశాల్లో ఇలాంటి కార్యక్రమాలకు 150 కోట్ల మంది వెళ్లారు. నేరుగా పెట్టిన ఖర్చు లక్షా ఏడు వేల కోట్ల డాలర్లు. కోటికి పైగా ప్రత్యక్ష ఉద్యోగాలు. తలకు సగటున 704 డాలర్లు.

వ్యాఖ్యాత: 150 కోట్లా? ప్రపంచ జనాభాలో ఐదో వంతు సూట్‌కేసు సర్దుకుని సదస్సులకు తిరుగుతోందా?

అతిథి: అక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఒకే మనిషి ఏడాదిలో ఆరు సదస్సులకు వెళితే ఆరుసార్లు లెక్కకు వస్తాడు. పైగా ఆ లెక్క ప్రకారం పది మంది, నాలుగు గంటలు, అద్దెకు తీసుకున్న ఒక గది ఉంటే చాలు, అది సమావేశమే. కొత్త ఉద్యోగులకు ఇచ్చే శిక్షణ కూడా అందులో చేరుతుంది. 1963లో ఏర్పడిన ఐసీసీఏ అనే అంతర్జాతీయ సంఘం పద్ధతి వేరు. కనీసం 50 మంది రావాలి, క్రమం తప్పకుండా జరగాలి, కనీసం మూడు దేశాల మధ్య తిరుగుతూ ఉండాలి. అప్పుడే లెక్కలోకి తీసుకుంటుంది. ఒకరి వలలో చీమలు కూడా పడతాయి, ఇంకొకరి జల్లెడలో ఏనుగులే నిలుస్తాయి. పత్రికల్లో సంఖ్య చూసినప్పుడు, ఇది వలదా జల్లెడదా అని అడగాలి.

వ్యాఖ్యాత: సరే, చీమలను వదిలేద్దాం. సదస్సుకు వచ్చినవాళ్లు మామూలు పర్యాటకులకంటే ఎక్కువ ఖర్చు చేస్తారంటారు. ఎందుకు?

అతిథి: బిల్లు వాళ్ల జేబులోంచి పోదు కాబట్టి! (నవ్వు) అది ఒక కారణం. రెండోది, వాళ్లు వచ్చే రోజులు. లాస్ వేగాస్ చూడండి. శని, ఆదివారాలు సరదాకు వచ్చేవాళ్లతో నిండిపోతుంది. సోమవారం నుంచి గురువారం దాకా గదులు ఎవరితో నింపాలి? సదస్సులతో. ఖాళీగా ఉండిపోయే గదిని నింపడం వల్ల వచ్చే ఆదాయం దాదాపు అంతా లాభమే. హోటళ్లు మమ్మల్ని అంత మర్యాదగా చూసేది అందుకే.

వ్యాఖ్యాత: లాస్ వేగాస్ అంటే కంప్యూటర్ల ప్రదర్శన గుర్తొస్తుంది.

అతిథి: కామ్‌డెక్స్. షెల్డన్ అడెల్సన్, ఆయన భాగస్వాములు 1979లో మొదలుపెట్టారు. 1995లో జపాన్‌కు చెందిన సాఫ్ట్‌బ్యాంక్‌కు 86 కోట్ల డాలర్లకు పైగా ధరకు అమ్మేశారు. ఏమి అమ్మినట్టు? ఒక కంప్యూటర్ కూడా కాదు. ఒక పేరు, క్యాలెండర్‌లో ఒక వారం, ఆ వారం అందరూ అక్కడ ఉంటారన్న నమ్మకం. నమ్మకం కాస్తా సడలింది, 2003 తర్వాత ఆ ప్రదర్శనే లేదు. అమ్మింది ఎంత పలుచని సరుకో చూడండి.

వ్యాఖ్యాత: ఇక పన్ను కట్టేవాళ్ల జవాబుకు వద్దాం.

అతిథి: ఇక్కడ నా పాపం కూడా కొంత ఉంది. ఒక నగరం పెద్ద హాలు కట్టాలనుకుంటుంది. సలహాదారులు నివేదిక ఇస్తారు. ఇన్ని వేల మంది వస్తారు, ఒక్కొక్కరు ఇన్ని రాత్రులు ఉంటారు, రాత్రికి ఇంత ఖర్చు. అన్నీ గుణించి, ఆ డబ్బు ఊళ్లో చేతులు మారుతుంది కాబట్టి పైన మరోసారి గుణించి, చివర్లో ఒక పెద్ద సంఖ్య. అలాంటి పట్టికలు నేనూ తయారుచేశాను. అందులో తీసివేతలు ఉండవు.

వ్యాఖ్యాత: ఏమి తీసివేయాలి?

అతిథి: ముందుగా, అదే ఊరి నుంచి వచ్చినవాళ్లను. వాళ్లు ఇక్కడ పెట్టకపోతే ఆ డబ్బు ఊళ్లోనే మరోచోట ఖర్చు పెట్టేవాళ్లు. తర్వాత, సదస్సు వల్ల గదులు దొరకక వెనక్కి మళ్లిన పర్యాటకులను. ఆ తర్వాత, హోటల్ సంస్థ వేరే దేశంలోని ప్రధాన కార్యాలయానికి పంపించే వాటాను. ఇవన్నీ తీసేస్తే ఆ పెద్ద సంఖ్య చాలా చిక్కిపోతుంది. హేవుడ్ శాండర్స్ అనే ప్రొఫెసర్ 2005లో బ్రూకింగ్స్ అనే పరిశోధన సంస్థ కోసం అమెరికా నగరాల హాళ్లను పరిశీలించారు. 1990 నుంచి అక్కడ ప్రదర్శన స్థలం సగానికి పైగా పెరిగింది. వచ్చే జనం అంతగా పెరగలేదు. దాంతో ఏమవుతుంది? అద్దె తగ్గిస్తారు. అదీ చాలకపోతే హాలు ఉచితం అంటారు. ఆ తర్వాత, పక్కనే పెద్ద హోటల్ లేదు కాబట్టి సదస్సులు రావడం లేదని, దానికీ ప్రజాధనం అడుగుతారు. కొండంత హాలుకు తోడు కొండంత హోటల్.

వ్యాఖ్యాత: మీ సొంత అనుభవంలో చేయి కాలిన సందర్భం ఉందా?

అతిథి: ఒకటేమిటి! ఒకసారి 400 గదులు కట్టగట్టి ముందే మాట్లాడుకున్నాం. ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఒక నిబంధన ఉంటుంది: కనీసం 80 శాతం గదులు నింపాలి, తగ్గితే మిగిలిన వాటి అద్దె నిర్వాహకులే కట్టాలి. అంటే 320. సదస్సు రోజు చూస్తే 260 నిండాయి. మా ప్రతినిధులు ఫోనులో వెతుక్కుని, వీధి చివర చవకైన హోటళ్లలో దిగారు. సభ కిటకిటలాడింది, భోజనాలు చాలలేదు, అయినా ఎవరూ పడుకోని అరవై గదులకు మేము డబ్బు కట్టాం. ఇప్పటికీ చిన్న అక్షరాలు ఉన్న కాగితం చూస్తే నాకు నిద్ర పట్టదు.

వ్యాఖ్యాత: గదులకు కట్టి కూడా నిద్ర పట్టలేదన్నమాట. సరే, దాచుకున్న నాలుగో జవాబు చెప్పండి.

అతిథి: 1860 సెప్టెంబరుకు వెళ్దాం. జర్మనీలోని కార్ల్స్‌రూహేలో నూరు మందికి పైగా రసాయన శాస్త్రవేత్తలు మూడు రోజులు కూడారు. అప్పట్లో పరమాణు భారాల గురించి ఎవరి లెక్క వారిదే. ఎసిటిక్ ఆమ్లం ఒక్కదానికే 19 రకాల సూత్రాలు ఉండేవి. మూడు రోజులు వాదించుకున్నారు, ఏమీ తేలలేదు. కానీ లేచి వెళ్లేటప్పుడు ఇటలీ శాస్త్రవేత్త కానిజారో రాసిన చిన్న పుస్తకం ఒకటి చేతుల్లో పెట్టారు. దాన్ని తీసుకువెళ్లినవాళ్లలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లోథర్ మేయర్ ఉన్నాడు. కానిజారో వాదన విన్నవాళ్లలో రష్యాకు చెందిన 26 ఏళ్ల మెండలీవ్ ఉన్నాడు. 1869లో ఆ మెండలీవ్ నుంచే మూలకాల ఆవర్తన పట్టిక వచ్చింది. ఇప్పుడు చెప్పండి, ఆ సదస్సు ఆర్థిక విలువ ఎంత? ఎన్ని గదులు నిండాయో గుణిద్దామా?

వ్యాఖ్యాత: అది అరుదైన ఉదాహరణ కదా? మామూలు సదస్సుల సంగతి?

అతిథి: మంచి ప్రశ్న. దీన్ని కొలవాలంటే ఒక సదస్సును చివరి నిమిషంలో రద్దు చేయాలి. ఎవరు ఒప్పుకుంటారు? తుపాను చేసి పెట్టింది. 2012లో ఐజాక్ తుపాను వల్ల న్యూ ఆర్లీన్స్‌లో జరగాల్సిన అమెరికా రాజనీతి శాస్త్ర సంఘం వార్షిక సభ ఆగిపోయింది. పేర్ల జాబితా అప్పటికే అచ్చయింది. రావాల్సినవాళ్లు తర్వాతి కాలంలో ఒకరితో ఒకరు కలిసి పరిశోధన చేశారా అని ముగ్గురు ఆర్థికవేత్తలు వెనక్కి వెళ్లి చూశారు. అలా కలిసి రాసే అవకాశం 16 శాతం తగ్గింది. ఆ నష్టం ఏ నగరం పద్దులోనూ కనిపించదు.

వ్యాఖ్యాత: కానీ ఇప్పుడు తెర మీద కలుసుకోవచ్చు. అందరూ విమానం ఎక్కడం అవసరమా? 2019లో భూభౌతిక శాస్త్రవేత్తల మహాసభ ఒకటి శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగింది. 28,000 మంది రానూ పోనూ కలిపి 28 కోట్ల కిలోమీటర్లకు పైగా ప్రయాణించారు, 80,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు. వాతావరణం గురించి మాట్లాడేవాళ్లే!

అతిథి: ఆ మాట నాకు గుచ్చుకుంటుంది, కాదనను. ఉపన్యాసాలకు విమానం ఎక్కనవసరం లేదు. తెర మీద ఇంకా బాగా వినిపిస్తాయి, నిద్ర వస్తే ఎవరికీ తెలియదు. కానీ తెర మీద వరుసలో నిలబడటం ఉండదు. కాఫీ వరుసలో మీ ముందున్న మనిషి ఎవరో మీరు ఎంచుకోలేదు, అతనూ మిమ్మల్ని ఎంచుకోలేదు. పని అక్కడ జరుగుతుంది. అందుకే నేను కాఫీ విరామాన్ని ఇరవై నిమిషాల నుంచి నలభై ఐదుకు పెంచాను. ఒక ఉపన్యాసం కోసేశాను.

వ్యాఖ్యాత: స్పాన్సర్లు ఊరుకున్నారా?

అతిథి: ఊరుకుంటారా! కోసింది వాళ్లదే. (ఫోను మోగిన శబ్దం) క్షమించండి, ఈ ఫోను తీయాలి.

వ్యాఖ్యాత: ఎవరండీ?

అతిథి: హోటల్‌వాళ్లు. వచ్చే నెల గదులు ఎన్ని నిండాయని.