కొంచెం పక్కకు జరగండమ్మా

అందరికీ నమస్కారం. తెర మీద కనిపిస్తున్న మొదటి ఫోటో నేను తీసింది కాదు. 1858లో మద్రాసు మ్యూజియంలో లినియస్ ట్రైప్ అనే బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ తీసింది. అమరావతి దీపాలదిన్నెలో, అంటే పాత బౌద్ధస్తూపం దిబ్బలో, వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు అధికారి 1845లో తవ్వించిన పాలరాయిలాంటి పలకలివి. పాలరాయి కాదు లెండి, మన పలనాటి సున్నపురాయే. ఈ ఫోటోలు తీశాక కొద్దికాలానికే వీటిలో చాలావాటిని ఓడెక్కించి లండన్ పంపేశారు. ఫోటో చూడండి: గోడ, రాయి, వెలుతురు. మనిషి ఒక్కడూ లేడు.

చాలా ఏళ్ళు నేనూ ఇలాగే తీశాను. ట్రైపాడ్ బిగించి, "కొంచెం పక్కకు జరగండమ్మా" అని వచ్చినవాళ్ళందరినీ తరిమేవాణ్ణి. శిల్పం మీద ఎవరి నీడా పడకూడదు, మూలన చీర అంచు కూడా రాకూడదు. ఒకరోజు అనుపులో ఒకావిడ కదల్లేదు. "మేమూ చూట్టానికే వచ్చాం బాబూ. మేం జరిగితే ఇంకేముంది, రాళ్ళేగా" అంది. చంకలో పిల్లాడు, చేతిలో టిఫిన్ క్యారేజీ. రెండో ఫోటో ఆవిడదే. కోపంగా ఉంది కదూ? నా మీదే.

అనుపు ఎలాంటి చోటో తెలియనివాళ్ళకు రెండు మాటలు. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోపు, 1954 నుంచి 1960 దాకా, ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని పురావస్తు శాఖ తవ్వింది. తొమ్మిది కట్టడాలను విప్పి నాగార్జునకొండ మీద మళ్ళీ కట్టారు, పద్నాలుగింటికి పెద్ద నమూనాలు చేశారు. రంగశాలను అనుపు ఒడ్డున తిరిగి లేపారు. "ఇది ఒరిజినలా, డూప్లికేటా?" అని నన్ను అడిగేవాళ్ళు చాలామంది. నిజం చెప్పాలంటే తిరిగి కట్టినవాటిలో రాయి అసలుదైనా చోటు అసలుది కాదు. ఆ అడిగినవాళ్ళు నా జవాబు పూర్తయ్యేదాకా ఆగరు. మెట్లు దిగి మధ్యలో నిలబడి చప్పట్లు కొడతారు, చప్పుడు ఎలా తిరిగొస్తుందో వినడానికి. ఈ వరుసలోని పదకొండు ఫోటోలూ చప్పట్లు కొట్టే చేతులే.

నాగార్జునసాగర్‌లోని బౌద్ధ పార్కు, బుద్ధవనం చూశారా? 2022లో తెరిచారు. శ్రీలంక ఇచ్చిన 27 అడుగుల ఔకన బుద్ధుడి ప్రతిరూపం అక్కడుంది. దాని ముందు చెప్పులు విప్పినవాళ్ళను తీశాను. నాగార్జునకొండ మ్యూజియంలో పదహారు పదిహేడు వందల ఏళ్ళనాటి బుద్ధుడి ముందు మాత్రం చెప్పులు విప్పినవాళ్ళు నా కంటపడలేదు. అక్కడ "తాకరాదు" అనే బోర్డు ఉంటుంది. బోర్డు ఉన్నచోట జనం చదువుతారు, లేనిచోట చెయ్యి వేస్తారు. నకలు పాదాలు ఎంత నున్నబడ్డాయో ఈ దగ్గర ఫోటోలో చూడండి. పండితులు ముఖం చిట్లిస్తారని తెలుసు. నాకైతే ఆ నునుపే ఇష్టం.

ఇక దుర్గి. మాచర్ల దగ్గర శిల్పుల ఊరు. ఈ ఫోటో కోసం నేను మూడుసార్లు వెళ్ళాను. ఇందులో శిల్పి ఒళ్ళో ఫోను ఉంది, ఫోనులో బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి పలక. రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి చూస్తాడు, ఉలి అందుకుంటాడు, మళ్ళీ చూస్తాడు. ఫోను తెర నిండా రాతిపొడి. పలనాటి రాయి లండన్ వెళ్ళి, ఫోటోగా తిరిగొచ్చి, మళ్ళీ పలనాటి రాయిలోకి దిగుతోంది. ఆయనకు ఇదేం వింత కాదు. "ముక్కు దగ్గర సరిగ్గా కనపట్లేదు, మంచి ఫోటో ఉంటే పంపు" అన్నాడు. పంపాను.

చివరిది కూడా అనుపులోనే. రంగశాల పైమెట్టు మీద పెద్దాయన, పక్కన మనవరాలు. కట్టడాల వైపు వీపు తిప్పి కూర్చున్నారు. ఆయన నీళ్ళలోకి వేలు చూపిస్తున్నాడు. లోయతోపాటు మునిగినవాటిలో ఆయన ఊరూ ఉంది. దానికి నమూనా ఎవరూ కట్టలేదు. ఫోటోలో నీళ్ళు తప్ప ఏమీ కనపడవు, నేనూ అంతకంటే ఏమీ చూడలేకపోయాను. ఇంకాస్త దగ్గరగా తీద్దామని ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"అబ్బాయ్, కొంచెం పక్కకు జరుగు" అన్నాడు. "పాపకు మా ఇల్లు చూపిస్తున్నా."