‘తూదు బేం?’ అంటే ఏమనాలి? పోర్చుగీసు జవాబుల రివ్యూ

అందరికీ నమస్తే. ఈ వారం రివ్యూకి ఫోనూ లేదు, ఇయర్‌బడ్సూ లేవు. చదువుకో ఉద్యోగానికో పోర్చుగల్‌లోని లిస్బన్, పోర్టో వెళ్లేవాళ్ల కోసం పోర్చుగీసు పలకరింపులకు ఇచ్చే జవాబులను రివ్యూ చేద్దాం. మనం పలకరించడం ఏ యాప్ అయినా నేర్పుతుంది. అవతలివాళ్లే ముందు పలకరిస్తే? టెన్షన్ అక్కడే.

తేలికైన వాటితో మొదలుపెడదాం. పొద్దున ‘బోం దియ’, మధ్యాహ్నం భోజనాల వేళ నుంచి ‘బోవ తార్ద్’, చీకటి పడ్డాక ‘బోవ నోయ్త్’. ఏది వినిపిస్తే అదే తిరిగి అనేయండి. పదికి పది మార్కులు. రాత్రి 8 గంటలకు రెస్టారెంట్‌లో అడుగు పెట్టగానే వెయిటర్ ‘బోవ నోయ్త్’ అన్నాడనుకోండి, కంగారు పడొద్దు. మిమ్మల్ని పొమ్మనడం లేదు. అది వచ్చేటప్పుడూ అంటారు, వెళ్లేటప్పుడూ అంటారు.

ఇక ‘తూదు బేం?’. అంతా బాగేనా అని. జవాబు కూడా ‘తూదు బేం’, వెంటనే ‘ఇ కోంతీగు?’, అంటే మరి నువ్వు? తిరిగి అడగకపోతే ముభావంగా ఉంటుంది. అలాగని నిన్నటి జ్వరం సంగతంతా చెప్పక్కర్లేదు.

‘కోంతీగు’ స్నేహితులకు, మన ఈడువాళ్లకు మాత్రమే. ఇంటి ఓనరుగారు ‘కోము ష్టా?’ (ఎలా ఉన్నారు?) అని మర్యాదగా అడిగితే ‘బేం, ఓబ్రిగాదు. ఇ ఉ సెన్యోర్?’ అనాలి, అంటే బాగున్నాను, థాంక్స్, మరి మీరు? ఓనరు ఆవిడైతే ‘ఇ ఆ సెన్యోర?’. ‘ఓబ్రిగాదు’ మాత్రం చెప్పేవాళ్లను బట్టి మారుతుంది: అమ్మాయిలు ఎవరితో మాట్లాడినా ‘ఓబ్రిగాద’ అనాలి.

యాప్‌లకు నేను మార్కులు కోసేది ఇక్కడే. చాలావాటిలో ఉండేది బ్రెజిల్ పోర్చుగీసు. అక్కడ చాలాచోట్ల ‘బోం దియ’ను ‘బోం జియ’ అంటారు, ‘ఇ వొసె?’ (మరి నువ్వు?) అని చాలామందిని అడిగేయొచ్చు. అదే మాట పోర్చుగల్‌లో పెద్దవాళ్లతో అంటే కొందరికి మొరటుగా తోస్తుంది. ఎక్కడికి వెళ్తున్నారో చూసుకుని యాప్ ఎంచుకోండి.

నాకు బాగా నచ్చింది ‘వాయ్‌స్ అందాందు’. అచ్చం మన ‘ఏదో అలా నడుస్తోంది’. లిస్బన్‌లో ఏ పెద్దాయన్ని అడిగినా ఈ జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. బాధేమిటని ఆరా తీయకండి, అది మామూలు మాటే. మీరూ వాడొచ్చు, కానీ ఇంటర్వ్యూలో మాత్రం వద్దు.

శుక్రవారం సాయంత్రం ఆఫీసులో ‘బోం ఫీం ద్ సెమాన’ అని వీకెండ్ శుభాకాంక్షలు చెబుతారు. దానికి ‘ఇగ్వాల్‌మెంత్’, మీకూ అలాగే అని. ఒక్క మాటతో సరిపోతుంది. పలకడం కష్టమే, ఒక మార్కు తగ్గించా.

చివరగా ఫోన్. పోర్చుగల్‌లో ఫోన్ ఎత్తి ‘ష్టో?’ అంటారు. మన హలో లాంటిదే, తుమ్మారనుకునేరు! వెంటనే ‘బోం దియ’ అని మీ పేరు చెప్పేయండి. వచ్చే వీడియోలో కాఫీ ఆర్డర్ చేయడం చూద్దాం.