కుక్కర్‌లో రాత్రి అన్నం

వేదిక మీది పెద్దలకు, వచ్చే నెల బ్రిటన్ వెళ్తున్న పిల్లలకు, వాళ్ళకంటే ఎక్కువ కంగారుపడుతున్న తల్లిదండ్రులకు నమస్కారం. శాలువాలు తర్వాత చూసుకుందాం, టైమ్ తక్కువ.

మీరు రాసిచ్చిన ప్రశ్నలన్నీ హోటళ్ళ గురించే. ఇంగ్లండ్, వేల్స్‌లో తిండి అమ్మే దాదాపు ప్రతి షాపుకీ 0 నుంచి 5 దాకా శుభ్రత రేటింగ్ ఉంటుంది, నలుపు, ఆకుపచ్చ స్టిక్కర్. స్థానిక కౌన్సిల్ ఇన్‌స్పెక్టరు వచ్చి వండే పద్ధతి, వంటగది స్థితి, రికార్డులు చూసి ఇస్తాడు. రుచికి దాంతో సంబంధం లేదు. వేల్స్‌లో స్టిక్కర్ తలుపుకి అంటించి తీరాలి, ఇంగ్లండ్‌లో తప్పనిసరి కాదు. కనబడకపోతే ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ సైట్లో షాపు పేరు కొట్టి చూడండి. 3 కంటే తక్కువుంటే పక్క షాపు. హోటళ్ళ సంగతి ఇంతే.

అసలు భయం మీ గదిలో ఉంది. ఆదివారం ఒకేసారి కుక్కర్ నిండా అన్నం వండేసి, మూతపెట్టి కౌంటర్ మీద వదిలేసి, పొద్దున దాన్నే తింటారు చూడండి, అక్కడ. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలుంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. వేడి 60 డిగ్రీల కిందకి దిగాక మొలకెత్తి పెరుగుతాయి, విషం వదులుతాయి. లోతు గిన్నెలో పైన చల్లారినట్టే ఉంటుంది, నడిమధ్యలో గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉంటుంది. వాసన రాదు, జిగురు కనబడదు. మైక్రోవేవ్‌లో పెడితే బాక్టీరియా చస్తుందేమో గానీ విషం పోదు. నిమ్మకాయ పిండి పులిహోర కలిపినా పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు. అప్పుడు తిట్లు ఎవరికి? నిన్న సాయంత్రం బర్గర్ అమ్మినవాడికి!

మా తాతలు చద్దన్నం తినలేదా అంటారు. తిన్నారు. అందులో నీళ్ళు, మజ్జిగ పోసి పులియబెట్టేవాళ్ళు. పులుపెక్కిన చోట ఈ బాక్టీరియా అంతగా పెరగదు. మీ కుక్కర్లో ఉన్నది ఉత్త మిగిలిపోయిన అన్నం.

ఏం చెయ్యాలంటే, తినగా మిగిలిన అన్నాన్ని వెంటనే వెడల్పాటి ట్రేలో అంగుళం మందాన పరవండి. ఆవిరి పోగానే చిన్న డబ్బాల్లో సర్ది, వండిన గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ 5 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉండాలి. నలుగురు వాడే ఫ్రిజ్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అందుకే చిన్న థర్మామీటర్ లోపల పడేయండి. ఆ అన్నం 24 గంటల్లో అయిపోవాలి. ఒక్కసారే వేడిచెయ్యాలి, పొగలు కక్కేలా. వారానికి సరిపడా కావాలా? చల్లారగానే పూటకొక సంచి చొప్పున ఫ్రీజర్‌లోకి తోసెయ్యండి. కుక్కర్ 'వార్మ్' మీదే ఉంటుందిగా అంటారేమో, మధ్యలో థర్మామీటర్ గుచ్చి చూడండి. 63 డిగ్రీలకు తగ్గకూడదు, అక్కడి హోటళ్ళకి చట్టం పెట్టిన అంకె అది.

అమ్మలూ, అన్నం పారేస్తే పాపమని పిల్లలకి ఫోన్లో చెప్పకండి. కొంచెం తక్కువ వండమనండి.

ఇంకోటి చెప్తే నన్ను కొడతారు. చికెన్ కడగొద్దు. పసుపు, ఉప్పు వేసి నాలుగు నీళ్ళు పోస్తేగాని మనకి మనసొప్పదు, తెలుసు. కానీ పచ్చి కోడిమాంసం మీద క్యాంపైలోబాక్టర్ ఉంటుంది, కుళాయి కింద పెట్టగానే తుంపర్లతో సింకు మీదికి, పక్కన ఆరబెట్టిన ప్లేట్ల మీదికి పడుతుంది. కడిగితే చావదు, ఉడికితే చస్తుంది. తడి ఉంటే కిచెన్ పేపర్‌తో అద్ది ఆ పేపర్ పారేసి, సబ్బుతో చేతులు కడుక్కోండి. పసుపు కూరలో వేసుకోండి.

వెనక బెంచీ వాళ్ళు నవ్వుతున్నారు. రేపు ఒకే సింకు దగ్గర అయిదుగురు గొడవపడేది దీనికే.

వాంతులు పట్టుకుంటే లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు గోపురంలా కాకుండా తలకొట్టి. గుక్కగుక్కగా తాగాలి. నీళ్ళు కూడా నిలవకపోతే అక్కడి వైద్య సలహా నంబరు 111కి ఫోన్ చెయ్యండి, వాంతిలో రక్తం పడితే ఎమర్జెన్సీ నంబరు 999కి.

సూట్‌కేసు సర్దేవాళ్ళకి ఒక మాట: చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు. మాంసం, పాల సరుకు ఇక్కడి నుంచి తీసుకెళ్ళనివ్వరు. ఆవకాయకి అడ్డులేదు, మూత గట్టిగా బిగించండి.