పేరు మారితే యజమాని మారినట్టే: పన్ను, వారసత్వ ప్రణాళికపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

ఆర్థిక ప్రణాళిక కోసం నా దగ్గరికి వచ్చేవారిలో అరవై దాటినవారు దాదాపు అందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "నా తదనంతరం పిల్లలు ఈ ఆస్తి మీద ఎంత పన్ను కట్టాలి?" భారతదేశంలో దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు: ఏమీ కట్టనక్కర లేదు. 1953లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీ, అంటే మరణించినవారి ఆస్తిపై వేసే పన్ను, ఒకప్పుడు పెద్ద ఆస్తుల పై అంచెల మీద 85 శాతం దాకా వసూలు చేసేది. 1985 మార్చి 16 నుంచి సంభవించిన మరణాలకు అది వర్తించకుండా పోయింది. 1958 నాటి గిఫ్ట్ ట్యాక్స్ 1998 అక్టోబరులోనూ, సంపద పన్ను 2015 బడ్జెట్‌తోనూ రద్దయ్యాయి.

ఈ జవాబు విన్నాక ఎదుటివారి ముఖంలో కనిపించే నిశ్చింతే నన్ను కలవరపెడుతుంది. పన్ను లేనిది ఆస్తి వారసుడి చేతికి వచ్చే ఆ ఒక్క ఘట్టానికే. అంతకు ముందు పన్ను తగ్గించుకోవడానికి మనం చేసిన పేరు మార్పులకు, ఆ తరువాత వారసుడు ఆస్తిని అమ్ముకునే రోజుకు ఆ మినహాయింపు వర్తించదు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే: పన్ను ఆదా కోసం సొమ్మును ఎవరి పేరున పెట్టినా, అది ముందు యాజమాన్యానికి సంబంధించిన నిర్ణయం, పన్ను లెక్క ఆ తరువాతిది. సెక్షన్ల సంఖ్యలతో మిమ్మల్ని విసిగించను. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం రావడంతో ఆ సంఖ్యలు ఎలాగూ మారిపోయాయి, సూత్రాలు మాత్రం చాలావరకు పాతవే.

ఒక ఉదాహరణతో మొదలుపెడతాను. 30 శాతం శ్లాబులో ఉన్న ఒక ఉద్యోగి తన 20 లక్షల రూపాయలను తల్లి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాడు. ఆమెకు వేరే ఆదాయం లేదు. ఏడు శాతం వడ్డీ చొప్పున ఏటా వచ్చే 1,40,000 రూపాయలపై అతడు కట్టవలసిన 42,000 రూపాయలు మిగిలాయి. ఇది పూర్తిగా చట్టబద్ధమే. తల్లిదండ్రులకు ఇచ్చిన సొమ్ముపై వచ్చే ఆదాయాన్ని ఇచ్చినవారి ఆదాయంలో కలపరు. నాలుగేళ్ల తరువాత, అప్పటికే భర్తను కోల్పోయిన ఆ తల్లి వీలునామా రాయకుండా కన్నుమూసింది. డిపాజిట్‌లో నామినీ ఇతడే కనుక బ్యాంకు సొమ్మును ఇతడి చేతికే ఇచ్చింది. అయితే చట్టం దృష్టిలో ఆ 20 లక్షలు తల్లివి, ఆమె ముగ్గురు సంతానానికీ సమానంగా చెందవలసినవి. తమ్ముడూ చెల్లెలూ వాటా అడిగినప్పుడు "ఆ డబ్బు నాదే కదా" అన్న ఇతడి మాటను నిలబెట్టే కాగితం ఒక్కటీ లేదు. నాలుగేళ్లలో ఆదా చేసిన పన్ను 1,68,000, చేజారిన సొమ్ము సుమారు 13 లక్షల 33 వేలు. ఆనాడే తల్లి చేత ఒక పేజీ వీలునామా రాయించి ఉంటే ఈ కథ చెప్పవలసిన పని ఉండేది కాదు.

బంధువులకు ఇచ్చే కానుకల విషయంలో చట్టం చెప్పే బంధుత్వం మనం వాడుకలో అనుకునే బంధుత్వం కాదు. బంధువులు కానివారి నుంచి ఒక సంవత్సరంలో 50,000 రూపాయలకు మించి వచ్చిన సొమ్ము పుచ్చుకున్నవారి ఆదాయం కిందికి వస్తుంది. బంధువు ఎవరన్నది పుచ్చుకునేవారి వైపు నుంచి చూడాలి. మేనమామ మేనల్లుడికి పది లక్షలు ఇస్తే పన్ను లేదు, ఎందుకంటే తల్లి సోదరుడు ఆ జాబితాలో ఉన్నాడు. అదే మేనల్లుడు కృతజ్ఞతతో మేనమామకు పది లక్షలు ఇస్తే ఆ మొత్తమంతా మేనమామకు ఆదాయమే, ఎందుకంటే సోదరి సంతానం ఆ జాబితాలో లేరు. పినతండ్రి పిల్లలు, మేనత్త పిల్లలు కూడా లేరు. వీలునామా ద్వారా గానీ వారసత్వంగా గానీ వస్తే మాత్రం ఇచ్చినది ఎవరైనా పన్ను ఉండదు. అందుకే మేనమామకు ఏదైనా మిగల్చాలనుకునే మేనల్లుడికి కానుక కన్నా వీలునామా మేలు.

భార్యకో భర్తకో, కోడలికో ఇచ్చిన ఆస్తిపై వచ్చే ఆదాయాన్ని ఇచ్చినవారి ఆదాయంలోనే కలుపుతారు. మైనరు పిల్లల ఆదాయం, వారు సొంత ప్రతిభతో సంపాదించినది తప్ప, తల్లిదండ్రులలో ఎక్కువ ఆదాయం ఉన్నవారి ఖాతాలో కలుస్తుంది. మేజరైన పిల్లలకు ఈ బాధ లేదు. హిందూ ఉమ్మడి కుటుంబాన్ని విడి పన్ను చెల్లింపుదారుగా చూపి, దాని పేరున వేరే పాన్ తీసుకునే పద్ధతి గురించి చాలామంది అడుగుతారు. సొంత ఆస్తిని ఆ ఉమ్మడి ఆస్తిలో వేస్తే దాని ఆదాయం తిరిగి మీ ఆదాయంలోనే కలుస్తుంది, పైగా వేసినదాన్ని వెనక్కి తీసుకోవాలంటే పంపకమే దారి. పిత్రార్జితం నిజంగా ఉన్నవారికి తప్ప దాన్ని నేను సిఫారసు చేయను.

ఇక బతికి ఉండగానే ఇంటిని పిల్లల పేరున రాసివ్వాలా, వీలునామాలో పెట్టాలా అన్నది. గిఫ్ట్ డీడ్‌ను రిజిస్టరు చేయించక తప్పదు, స్టాంపు డ్యూటీ ఆ రాష్ట్రం నిర్ణయించినంత ఉంటుంది, రిజిస్టరయ్యాక మనసు మారినా ఏకపక్షంగా వెనక్కి తీసుకోలేరు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఒక దారి చూపింది. ఆస్తి పుచ్చుకున్నవారు తమను పోషించాలన్న షరతు ఉండి, వారు దాన్ని నిలుపుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయమని ట్రైబ్యునల్‌ను కోరవచ్చు. ఆ షరతు ఉన్నట్టు చూపాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో తీర్పులో ఆ చట్టాన్ని వృద్ధులకు అనుకూలంగా, ఉదారంగా చదివింది. కోర్టు ఉదారత మీద ఆధారపడడం కన్నా డీడ్‌లో ఒక వాక్యం రాయించుకోవడం తేలిక. ఇవ్వక తప్పదంటే జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కును, పోషణ షరతును డీడ్‌లోనే స్పష్టంగా రాయించండి. వీలునామాకైతే ఈ ప్రమాదమే లేదు, బతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

పిల్లలు విదేశాల్లో ఉన్నవారికి ఇందులో మరో మెలిక ఉంది. విదేశాల్లో స్థిరపడిన కొడుకుకు తండ్రి తన ఫ్లాటును కానుకగా ఇవ్వవచ్చు. వ్యవసాయ భూమిని మాత్రం కానుకగా ఇవ్వడానికి విదేశీ మారక నిబంధనలు ఒప్పుకోవు, కానీ అదే భూమి వారసత్వంగా సంక్రమిస్తే అభ్యంతరం లేదు. పొలం విషయంలో ఆ కొడుకుకు వీలునామా లేదా వారసత్వం తప్ప వేరే మార్గం లేదన్నమాట. ఇక్కడ కూర్చొని అమెరికా షేర్లు నేరుగా కొంటున్నవారు కూడా ఒక సంగతి గమనించాలి. అక్కడి పౌరులు కానివారు, అక్కడ స్థిరనివాసం లేనివారు మరణిస్తే, వారి అమెరికా ఆస్తి 60,000 డాలర్లు దాటినంత మేరకు ఆ దేశపు ఎస్టేట్ ట్యాక్స్ పడుతుంది, అది 40 శాతం దాకా వెళ్తుంది. భారతీయ మ్యూచువల్ ఫండ్ ద్వారా అవే కంపెనీల్లో మదుపు చేసినవారికి ఈ సమస్య రాదు, ఎందుకంటే వారి చేతిలో ఉన్నది భారతీయ ఫండ్ యూనిట్లు.

ఇప్పుడు వారసుడు ఆస్తిని అమ్మే రోజుకు వద్దాం. చాలామంది వారసుడికి ఆస్తి ఉచితంగా వచ్చింది కనుక దాని ఖరీదు సున్నా అనుకుంటారు, మరికొందరు మరణించిన నాటి మార్కెట్ విలువే ఖరీదు అనుకుంటారు. రెండూ తప్పే. మన చట్టంలో పోయినవారు కొన్న ధర, కొన్న తేదీ రెండూ వారసుడికి సంక్రమిస్తాయి. ఒక తండ్రి 2012-13లో ఫ్లాటును 40 లక్షలకు కొని, 2015-16లో 8 లక్షలతో అదనపు నిర్మాణం చేయించి, 2023లో మరణించాడనుకుందాం. కూతురు దాన్ని 2025-26లో కోటి పది లక్షలకు అమ్మింది. సర్‌ఛార్జీ, సెస్సు పక్కన పెడితే, మూలధన లాభం 62 లక్షల మీద 12.5 శాతం చొప్పున పన్ను 7.75 లక్షలు. అయితే 2024 జూలై 23కు ముందు సంక్రమించిన స్థలాలు, భవనాల విషయంలో దేశంలో నివసించే వ్యక్తులకు ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి, 20 శాతం పాత పద్ధతిలో లెక్క వేసుకొని, ఏది తక్కువైతే అది కట్టే వెసులుబాటు ఉంది. కొన్న ఏడాది ద్రవ్యోల్బణ సూచిక 200, నిర్మాణం నాటిది 254, అమ్మిన ఏడాదిది 376. ఆ లెక్కన ఖరీదు దాదాపు 87 లక్షలకు పెరిగి, పన్ను 4.6 లక్షల లోపుకు దిగుతుంది. ఆ 8 లక్షల ఖర్చుకు బిల్లులు, బ్యాంకు చెల్లింపుల ఆధారాలు దొరకకపోతే పన్ను 6.96 లక్షలు అవుతుంది. తండ్రి బిల్లుల కట్టను పాత కాగితాలతో పాటు పారేసినందుకు కూతురు కట్టే మూల్యం రెండు లక్షల ముప్పై వేల రూపాయల పైచిలుకు.

ఇంతకాలం పనిచేశాక నాకు అర్థమైనదేమిటంటే, వారసులకు పన్ను ఎత్తుగడల కన్నా ఒక ఫైలు ఎక్కువ డబ్బు మిగులుస్తుంది. ఆ ఫైలులో కొనుగోలు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందరి యజమానుల దస్తావేజులు), నిర్మాణపు బిల్లులు, 2001కి ముందు కొన్న ఆస్తికైతే 2001 ఏప్రిల్ 1 నాటి రిజిస్ట్రేషను విలువ, షేర్లు కొన్న తేదీలు, ధరలు ఉండాలి. షేర్ల విషయంలో ఒక చిన్న కిటుకు కూడా ఉంది. అమ్మి నష్టపోయి, రిటర్నులో చూపించి, తరువాతి ఏళ్ల లాభాల్లో తగ్గించుకోవడానికి ముందుకు తెచ్చుకుంటున్న మూలధన నష్టం ఆ వ్యక్తితోనే పోతుంది, వారసుడికి రాదు. అమ్మకుండా ఉంచిన షేర్లలోని నష్టం మాత్రం, కొన్న ధర సంక్రమిస్తుంది కనుక, వారసుడికి పనికివస్తుంది. ఆరోగ్యం క్షీణించిన పెద్దవారు తమ ఖాతాలో నష్టాలను అమ్మకాలతో 'బుక్' చేసే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

నామినీ గురించిన అపోహ అన్నిటికన్నా మొండిది. నామినీ అంటే సొమ్మును అందుకొని వారసులకు అప్పగించవలసినవాడు. బీమా విషయంలో 1984లోనూ, షేర్ల విషయంలో 2023 డిసెంబరులోనూ సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. బీమాకు మాత్రం 2015 సవరణ ఒక మినహాయింపు ఇచ్చింది. భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే సొమ్ము వారికే దక్కుతుంది. 2025 నవంబరు నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురు నామినీల దాకా పెట్టుకునే అవకాశం వచ్చింది. ఎంతమందిని పెట్టినా, వీలునామాలో ఒక పేరు, నామినేషన్‌లో మరో పేరు ఉంటే గొడవకు మనమే పునాది వేసినట్టు. అప్పులున్న వ్యాపారులు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకుంటే, ఆ సొమ్ము భార్యాపిల్లల కోసం ఏర్పడిన ట్రస్టుగా మారి అప్పులవాళ్లకు అందకుండా ఉంటుంది. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి.

వీలునామా లేకపోతే ఏమవుతుందో హిందూ వారసత్వ చట్టం ప్రకారం చూద్దాం. మగవాడి స్వార్జితం భార్యకూ పిల్లలకే కాక అతడి తల్లికి కూడా సమాన వాటాతో వెళ్తుంది. తండ్రి ఆ మొదటి వరుసలో లేడు. స్త్రీల విషయంలో చట్టం ఇంకా కటువుగా ఉంది. భర్త చనిపోయి, పిల్లలు లేని స్త్రీ సొంతంగా సంపాదించిన ఇల్లు, తల్లిదండ్రులు బతికే ఉన్నా, ముందు భర్త వారసులకు పోతుంది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చినదైతే తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది. కానీ వారు కానుకగా ఇచ్చినదానికి ఆ రక్షణ లేదు. కూతురికి ఇల్లు రాసిచ్చే తల్లిదండ్రులు, ఆ కూతురు చేత వీలునామా కూడా రాయించాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ముస్లింలు తమ ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా రాస్తే వారసుల సమ్మతి కావాలి. పిత్రార్జితం ఉన్న హిందువులు తమ వాటాకు మాత్రమే రాయగలరు. పిత్రార్జితంలో కూతుళ్లు కూడా పుట్టుకతోనే సమానులన్నది 2005 సవరణ, 2020 సుప్రీంకోర్టు తీర్పుల తరువాత వివాదం లేని విషయం.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయించడం మంచిది. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. వారు లబ్ధిదారులు కాకుండా, వయసులో మీకన్నా చిన్నవారై ఉంటే మంచిది.

చివరగా, మరణం తరువాత రిటర్ను. ఏప్రిల్ 1 నుంచి మరణించిన రోజు దాకా వచ్చిన ఆదాయానికి, ఇన్‌కంటాక్స్ పోర్టల్‌లో చట్టబద్ధ ప్రతినిధిగా నమోదై, పోయినవారి పాన్ మీదే రిటర్ను వేయాలి. ఆ తరువాతి ఆదాయం వారసులది. పాత బకాయిలు ఏమైనా తేలితే వారసుడి బాధ్యత అతడికి సంక్రమించిన ఆస్తి విలువ వరకే, సొంత జేబులోంచి కట్టనక్కర లేదు. రావలసిన టీడీఎస్ (ముందుగానే మినహాయించిన పన్ను) రిఫండు కూడా ఆ రిటర్ను వేస్తేనే వస్తుంది. బ్యాంకు ఖాతాను మూయించే తొందరలో దాన్ని మరిచి, రిఫండు వెయ్యడానికి ఖాతా లేక నెలల తరబడి తిరిగినవారిని నేను చూశాను. ఖాతా మూయించే ముందు ఆ ఒక్క రిటర్ను వేసి, రిఫండు ఏ ఖాతాకు రావాలో తేల్చుకోండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.