నాలుగో రౌండు

శ్రోతలకు నమస్కారం.

తెల్లవారుజామున నాలుగున్నరకి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ రోడ్డు మీదికి వెళ్లినా కుర్రాళ్లు పరుగెడుతూ కనిపిస్తారు. కొందరికి బూట్లుంటాయి, కొందరికి ఉండవు. ఆ పరుగంతా ఆర్మీ సెలక్షన్ల కోసం. మా మేనల్లుడు కూడా రెండేళ్లు అలా పరుగెత్తాడు, నాగావళి గట్టు మీద.

అప్పటి లెక్క 1600 మీటర్లు, అంటే నాలుగు రౌండ్లు. 5 నిమిషాల 45 సెకన్లలో పూర్తి చెయ్యాలి. టైం అవగానే తాడు అడ్డం పెట్టేస్తారు. తాడుకి ఇవతల ఉండిపోయినవాడు ఇంటిదారి పట్టాల్సిందే. మావాడికి అది ఆఖరి ఛాన్సు, ఇంకో సెలక్షన్ ర్యాలీ వచ్చేసరికి వయసు దాటిపోతుంది. మూడు రౌండ్లు బాగానే పరుగెత్తాడు. నాలుగో రౌండులో పిక్క పట్టేసింది. కుంటుకుంటూ వచ్చేసరికి తాడు ఛాతీకి తగిలింది.

ఆ తాడు చూడండి, ఛాతీకి తగిలింది. వంద మీటర్లు వెనకబడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

ఇంటికొచ్చి మంచం ఎక్కాడు. మాది క్రైస్తవ కుటుంబం. ఆ ర్యాలీ కోసం సంఘంలో ఉపవాస ప్రార్థన కూడా పెట్టారు. కాబట్టి ఇక ఓదార్పులు మొదలయ్యాయి. చుట్టాలు వచ్చారు, సంఘపెద్దలు వచ్చారు. నేనూ వెళ్లాను. వెళ్లి, ‘దేవుడు నీకు దీనికంటే మంచిది దాచి ఉంచాడురా’ అన్నాను. వాడు అటు తిరిగి గోడవైపు పడుకున్నాడు. చాన్నాళ్లకి చెప్పాడు: ‘మామయ్యా, ఆ రెండ్రోజుల్లో ఆ మాట అన్నవాళ్లలో నువ్వు పదకొండోవాడివి.’

లెక్కపెట్టుకున్నాడన్నమాట.

ఈ పదకొండోవాడు మీకు ఇవాళ ఒక కథ చెబుతాడు. మీలో అందరూ క్రైస్తవులు కానక్కర్లేదు, కథ అందరిదీ. లూకా సువార్త 24వ అధ్యాయంలో ఉంది. యేసును సిలువ వేసిన మూడో రోజు. ఇద్దరు శిష్యులు యెరూషలేము వదిలి ఎమ్మాయు అనే పల్లెకి నడిచి పోతున్నారు. ఒకాయన పేరు క్లెయొపా, రెండో ఆయన పేరు రాయలేదు. మన తెలుగు బైబిల్లో ఆ పల్లె ‘ఆమడ దూరం’ అని ఉంటుంది. నాకు ఆ మాట చాలా ఇష్టం. ఇప్పటి లెక్కలో 11 కిలోమీటర్లు అనుకోండి. ఆమదాలవలస స్టేషన్లో దిగి శ్రీకాకుళం ఊళ్లోకి నడిచి వస్తే ఇంచుమించు అంత.

ఎవరో బాటసారి వచ్చి వాళ్లతో కలిశాడు. ఆయనే చనిపోయి తిరిగి లేచిన యేసు, వాళ్లు పోల్చుకోలేదు. ‘ఏమిటి మాట్లాడుకుంటున్నారు?’ అన్నాడు. వాళ్లు మొహాలు వేలాడేసుకుని ఆగిపోయారు. క్లెయొపాకి కాస్త చిరాకు కూడా వచ్చినట్టుంది, ‘యెరూషలేములో ఉండి ఇది తెలియనివాడివి నువ్వొక్కడివేనా?’ అన్నాడు. అప్పుడు ఆ బాటసారి ఏమన్నాడో వినండి.

‘ఏ సంగతి?’ అన్నాడు.

మేకులు దిగింది ఆయన చేతుల్లో. జరిగినదంతా ఆయనకే జరిగింది. అయినా ఏమీ తెలియనివాడిలా ‘ఏ సంగతి?’ అని అడిగాడు. వాళ్లు మొదలుపెట్టారు. ఆయన ఎలాంటి ప్రవక్తో, పెద్దలు ఎలా అప్పగించారో, ఎలా చంపారో, పొద్దున్నే ఆడవాళ్లు సమాధి దగ్గరికి వెళ్లి ఏం చెప్పారో, అన్నీ. మధ్యలో ఒక మాట వస్తుంది, ‘మేము నిరీక్షించియుంటిమి’ అని. మన మాటల్లో, ఎంతో ఆశపెట్టుకున్నామండీ అని. ఆ మాట బయటికి వచ్చేదాకా ఆయన ఆపలేదు. తరవాత ‘అవివేకులారా’ అని చీవాట్లు పెట్టాడు, లేఖనాలు విప్పి చెప్పాడు, అదీ ఉంది. కానీ ముందు విన్నాడు. చీవాట్లు విన్న తరవాతే.

పల్లె వచ్చేసరికి పొద్దు వాలింది. ఆయన ఇంకా ముందుకి పోతున్నట్టు కనిపిస్తే, చీకటి పడుతోంది, మాతో ఉండిపొండి అని బలవంతం చేశారు. భోజనానికి కూర్చున్నప్పుడు రొట్టె విరిచి ఇచ్చాడు. అప్పుడు పోల్చుకున్నారు. పోల్చుకునేసరికి కనిపించలేదు. వాళ్లు అప్పటికప్పుడు లేచి మళ్లీ ఆమడ దూరం నడిచి యెరూషలేము వెళ్లారు.

ఒకటి గమనించండి. ఇశ్రాయేలుకి రోమా పాలన నుంచి విడుదల వస్తుందని వాళ్లు ఆశపడ్డారు. వాళ్లు తిరిగి వెళ్లిన యెరూషలేములో రోమా సైనికులు అలాగే ఉన్నారు. వాళ్లనుకున్నది జరగలేదు.

మళ్లీ మా ఇంటికొస్తాను. మూడో రోజు మా అమ్మ, అంటే వాడికి అమ్మమ్మ, గ్లాసుడు చోడి అంబలి, ఒక ఉల్లిపాయ పట్టుకెళ్లి మంచం పట్టె మీద కూర్చుంది. ‘ఏటయ్యిందిరా బావూ? మొదట్నుంచీ సెప్పు’ అంది. వాడు చెప్పలేదు. ఆవిడ లేవలేదు. చాలాసేపటికి మొదలుపెట్టాడు. రాత్రి ఎక్కడ పడుకున్నారు, బ్యాచిలో ఎంతమంది, మొదటి రౌండు, రెండో రౌండు. ఆవిడ మధ్యలో ‘అప్పుడు?’ అంటోంది, అంతే. తాడు దగ్గరికి వచ్చేసరికి వాడు ఏడ్చాడు. మూడు రోజుల్లో అదే ఏడవడం.

తరవాత ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ఇంకో ఉద్యోగం ఇమ్మని అడగలేదు. ‘ప్రభువా, నాలుగో రౌండులో పిల్లడికి పిక్క పట్టేసిందట. తాడు గుండెకి తగిలిందట’ అని, వాడు చెప్పిందే మళ్లీ దేవుడికి చెప్పింది. ఆమెన్ అంది. వాడు అంబలి తాగాడు.

మా సంఘాల మీద నాకున్న ఒక చిన్న ఫిర్యాదు ఇక్కడే చెప్పేస్తాను. ఉద్యోగం వచ్చినవాడు ఆదివారం లేచి సాక్ష్యం చెబుతాడు, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెబుతాడు. రానివాడికి మైకు ఎవరిస్తున్నాం? బైబిలు ఇస్తుంది. 13వ కీర్తన తీయండి, మొదటి రెండు వచనాల్లోనే ‘ఇంకా ఎన్నాళ్లు’ అని దేవుణ్ని నాలుగుసార్లు నిలదీస్తాడు దావీదు. యోబు అనే ఆయన సర్వం పోగొట్టుకున్నప్పుడు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా ఆయన పక్కన నేల మీద కూర్చున్నారు. నోరు విప్పాకే చిక్కొచ్చింది.

టైం అయిపోవస్తోంది, ఒక్క మాట. మీ ఇంట్లో ఇలా గోడవైపు తిరిగి పడుకున్నవాళ్లుంటే పన్నెండోవాళ్లు కాకండి. ‘మొదట్నుంచీ చెప్పు’ అనండి. అడిగేవాళ్లే లేక మీరే అలా పడుకుని ఉంటే, తలుపేసుకుని దేవుడికే చెప్పండి, మొదటి రౌండు నుంచి. ఆయనకి తెలుసు కదా అని మానెయ్యకండి. ఎమ్మాయు దారిలో కూడా ఆయనకి తెలుసు.

మావాడు ఇప్పుడు పలాసలో జీడిపప్పు కొట్లో లెక్కలు రాస్తున్నాడు. ఆర్మీ వాళ్ల లారీ వెళ్తుంటే ఇప్పటికీ తల తిప్పుకుంటాడు. చర్చికి వస్తాడు, వెనక వరసలో కూర్చుంటాడు. మా అమ్మకి ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది. మొన్న క్రిస్మస్‌కి వాడు ఇంటి ముందు స్టార్ కడుతుంటే, ‘ఆ పరుగుపందెం ఏటయ్యిందిరా?’ అని అడిగింది. మాకందరికీ గుండె ఆగినంత పనైంది. వాడు నిచ్చెన దిగాడు, ఆవిడ పక్కన కూర్చున్నాడు. రాత్రి ఎక్కడ పడుకున్నారో అక్కణ్నుంచి మొదలుపెట్టాడు.

నమస్కారం.