వర్క్ వీసా తీసేది కంపెనీ: గల్ఫ్ వెళ్లే ముందు ఇది చూడండి

[గాజువాక, ఇంటి మేడ మీద. సాయంత్రం.]

నమస్తే అండి. మొన్న మా వీధిలో ఒక తమ్ముడు ఫోన్ చూపించి "అక్కా, దుబాయ్ వీసా వచ్చేసింది" అన్నాడు. చూస్తే అది విజిట్ వీసా. అక్కడికి వెళ్లాక వర్క్ వీసాగా మార్పిస్తానని ఏజెంటు చెప్పాడంట, వాళ్లమ్మ గొలుసు తాకట్టు పెట్టి లక్షా ఇరవై వేలు కట్టేశారు. కంపెనీ పేరేంటి అని అడిగితే "దిగాక చెబుతారంట" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు వర్క్ వీసా ఎలా పుడుతుందో చెప్తాను. దుబాయ్‌లో ఒక కంపెనీకి పైప్ వెల్డర్ కావాలనుకోండి, ఆ కంపెనీ ముందు మీకు ఆఫర్ లెటర్ పంపుతుంది, జీతం, పని, డ్యూటీ గంటలు అన్నీ అందులో ఉంటాయి, మీరు సంతకం పెట్టాక దాన్ని పట్టుకుని అక్కడి కార్మిక శాఖ దగ్గర పర్మిట్ తీసుకుంటుంది, అప్పుడు మీ పేరు మీద ఎంట్రీ పర్మిట్ వస్తుంది. 60 రోజుల్లోపు అక్కడ దిగాలి. దిగాక మెడికల్ పరీక్ష, ఎమిరేట్స్ ఐడీ అనే అక్కడి గుర్తింపు కార్డు, అక్కడ ఉండటానికి రెసిడెన్సీ అనుమతి. అంటే కదిలించాల్సింది కంపెనీ. ఏజెంటు మధ్యలో మనిషి మాత్రమే. విజిట్ వీసాని అక్కడ మార్చుకునే దారి ఉన్నా, దానికీ ఒక కంపెనీ ముందుకు రావాలి, ఈలోపు పని చేస్తే అది చట్టవిరుద్ధం. దొరికితే ఇబ్బంది పడేది మీరే.

ఖర్చు సంగతి కూడా వినండి. దుబాయ్ ఉన్న దేశం యూఏఈ, అక్కడి 2021 కార్మిక చట్టం ప్రకారం మనిషిని రప్పించే ఖర్చు యజమానిదే, కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదు. ఇక్కడ మన దేశంలో రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగిన ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే! లక్షలు అడిగారంటే అక్కడే ఆగిపోండి.

[పాస్‌పోర్ట్ పేజీ దగ్గరగా.]

ఇప్పుడు మీ పాస్‌పోర్ట్ తీయండి. ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని అచ్చు వేసి ఉందా? పదో తరగతి పాస్ కానివాళ్లకి ఎక్కువగా ఇదే ఉంటుంది. అలాంటివాళ్లు యూఏఈ, సౌదీ, ఖతార్, కువైట్ లాంటి 18 దేశాలకి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వ అనుమతి తప్పనిసరి, దానితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన, రెండేళ్లకి 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు. విజిట్ వీసాకి ఈ క్లియరెన్స్ అడగరు. దొంగ ఏజెంట్లు ఆ దారి పట్టేది అందుకే, మీరు వెళ్లినట్టు ఎక్కడా లెక్క ఉండదు, బీమా ఉండదు.

మన వైజాగ్‌కి ఇది కొత్త కాదు. 2024 మేలో మన పోలీసులు ఒక ముఠాని పట్టుకున్నారు గుర్తుందా? సింగపూర్‌లో డేటా ఎంట్రీ అని చెప్పి ఉత్తరాంధ్ర కుర్రాళ్లని కంబోడియా చేర్చి అక్కడ సైబర్ మోసాలు చేయించారు. ఇంగ్లీషు వచ్చిన చదువుకున్న పిల్లలే మోసపోయారు, కాబట్టి మనకి తెలుసులే అనుకోకండి.

ఏజెంటు నిజమైనవాడో కాదో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తెలిసిపోతుంది. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అక్కడ వెతకండి, ఆ లైసెన్సు ఇంకా నడుస్తోందో లేదో చూడండి. డబ్బు బ్యాంకు ద్వారానే కట్టి రసీదు తీసుకోండి.

ఆ తమ్ముడు టికెట్ ఆపుకున్నాడు. డబ్బు కోసం తిరుగుతున్నాం, ఇంకా రాలేదు. మీ చేతిలో ఆఫర్ లెటర్ ఉంటే, పాస్‌పోర్ట్ నంబరు, ఫోన్ నంబరు చెరిపేసి నాకు పంపండి. కలిసి చదువుదాం.