మీ వెబ్‌సైట్‌కి ఏ ఫోన్ నుంచి, ఏ బ్రౌజర్ నుంచి వస్తున్నారు? రెండు టూల్స్ రివ్యూ

అందరికీ నమస్కారం. కడపలో బండల వ్యాపారం చేసే ఒకన్న వెబ్‌సైట్ నేనే చూసుకుంటాను. ఆ సైట్ లెక్కలు స్క్రీన్ మీద పెట్టి ఈరోజు రెండు టూల్స్ రివ్యూ చేద్దాం. ఒకటి, చాలా హోస్టింగుల్లో సీప్యానెల్‌తో (సైట్‌ను నడుపుకునే కంట్రోల్ ప్యానెల్) పాటే వచ్చే ఏడబ్ల్యూస్టాట్స్. రెండోది గూగుల్ అనలిటిక్స్, అంటే పేజీలో పెట్టే చిన్న కోడ్‌తో వచ్చినవాళ్లను లెక్కపెట్టే గూగుల్ సర్వీస్.

ఏడబ్ల్యూస్టాట్స్ సర్వర్ లాగ్‌ను, అంటే సైట్‌కి ఎవరొచ్చినా సర్వర్ రాసిపెట్టుకునే చిట్టాను చదువుతుంది. బ్రౌజర్ తన గురించి తాను చెప్పుకునే లైన్ అందులో ఉంటుంది. ఇది చూడండి: మొజిల్లా 5.0, లైనక్స్, ఆండ్రాయిడ్ 10, కె, క్రోమ్, మొబైల్ సఫారీ 537.36. ఇన్ని పేర్లున్నా వచ్చింది ఒక్క క్రోమే. అప్పట్లో కొన్ని సైట్లు, మొజిల్లా అని చెప్పుకునే నెట్‌స్కేప్ అనే పాత బ్రౌజర్‌కి మాత్రమే మంచి పేజీ పంపేవి. దాంతో మిగతావి కూడా మొజిల్లా అని చెప్పుకోవడం మొదలుపెట్టాయి. 2008లో వచ్చిన క్రోమ్ సఫారీ పేరు కూడా తగిలించుకుంది.

ఆ ఆండ్రాయిడ్ 10 కూడా నమ్మొద్దు. 2023 నుంచి క్రోమ్ ప్రైవసీ కోసం ఏ ఆండ్రాయిడ్ ఫోన్‌కైనా అదే నంబర్, మోడల్ దగ్గర అదే కె రాస్తోంది. విండోస్ 11 అయినా లాగ్‌లో ఎన్‌టీ 10.0 అనే పడుతుంది. బ్రౌజర్ వేషంలో వచ్చే బాట్లు (మనుషులు కాని ప్రోగ్రామ్‌లు) సరేసరి. కాకపోతే యాడ్ బ్లాకర్ పెట్టుకున్నవాళ్లు కూడా ఇందులో లెక్కకు వస్తారు. అందుకే దీన్ని నేను తీసేయను.

ఇక గూగుల్ అనలిటిక్స్. రిపోర్ట్స్‌లో టెక్, అందులో టెక్ డీటెయిల్స్. పైన క్రోమ్ ఉంది, మన దగ్గర అది మామూలే. మీరు చూడాల్సింది కింద ఉన్న ఈ వరుస: ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ. ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో లింక్ నొక్కితే చాలాసార్లు పేజీ ఆ యాప్‌లోనే తెరుచుకుంటుంది. అలా వచ్చినవాళ్లు ఇక్కడ కనపడతారు. ఐఫోన్ అయితే సఫారీ ఇన్-యాప్ అని ఉంటుంది.

ఈ వరుసలో ఎంగేజ్‌మెంట్ రేట్ (వచ్చి వెంటనే వెళ్లిపోకుండా సైట్ చూసిన విజిట్ల శాతం) చూడండి, క్రోమ్ కంటే బాగా తక్కువ. ఎందుకు? అడుగు రేట్ల పట్టిక పీడీఎఫ్‌లో ఉంది. వెబ్‌వ్యూకి పీడీఎఫ్ చూపించడం సొంతంగా రాదు, ఆ ఏర్పాటు యాప్ చేయాలి. చేయకపోతే బెంగళూరులో ఇల్లు కట్టుకుంటున్న మనిషి రీల్ చూసి, లింక్ నొక్కి, రేటు కనపడక వెళ్లిపోతాడు. అన్నేమో "నా ఫోన్లో బాగానే తెరుచుకుంటాంది కదా" అంటాడు. నిజమే, ఆయన క్రోమ్‌లో చూస్తాడు. రేట్లు నేరుగా పేజీలోనే రాయించాను. మీరూ సైట్‌ను ఆ యాప్‌లోపలే తెరిచి టెస్ట్ చేయండి.

ఇంకో చిన్న మాట. విండోస్ 7 కంప్యూటర్లలో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. ఆ నంబర్ మీ రిపోర్టులో కనపడితే మరీ కొత్త సీఎస్ఎస్ (పేజీ రూపం దిద్దే కోడ్) వాడేముందు అందులో కూడా చూసుకోండి.

నా రేటింగ్: ఏడబ్ల్యూస్టాట్స్‌కి ఐదుకి రెండున్నర. గూగుల్ అనలిటిక్స్‌కి నాలుగు. బ్రేవ్ లాంటి బ్రౌజర్లు దీన్ని ఆపేస్తాయి కాబట్టి ఒకటి తగ్గించాను. ఆ వెబ్‌వ్యూ వరుస కోసమైనా ఇది ఈరోజే పెట్టుకోండి.